యోహాను మీద నేను రాసిన రిపోర్టు

ఏప్రిల్ మొదటి సోమవారం ఉదయం ఏడూ నలభైకి ఉదయగిరిలో బస్సు దిగాను. ఎండ అప్పటికే కొండ రాళ్ల మీద తెల్లగా మెరుస్తోంది. సైన్యంలో పదిహేడేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, హవల్దారుగా రిటైరై, చేజర్లలో ఇంటిపట్టున ఉన్నవాణ్ణి. ఇది ఆరు నెలల కాంట్రాక్టు డ్యూటీ. మతిస్థిమితం తప్పినవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. మందులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలి. వాళ్ల వల్ల ఎవరికైనా ప్రమాదం ఉందా అని అంచనా వేసి రాయాలి. సామాను: బీపీ మిషను, మందుల పెట్టె, రెండు లీటర్ల నీళ్లు, పాత బైకు, ప్రశ్నల కాగితాలు. ఆర్డర్లు ఆత్మకూరు ఆసుపత్రి నుంచి మానసిక వైద్యురాలైన డాక్టరమ్మ ఫోనులో ఇచ్చేవారు.

రెండో వారం సీతారామపురం వైపు ఒక ఊరికి పంపారు. తారురోడ్డు అయిపోయాక నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. పదీ ఇరవైకి చేరాను. యోహాను మేకల కొట్టంలో కూర్చుని ఉన్నాడు. ముప్పై రెండేళ్లవాడు. కుడికాలికి గొలుసు. మూడేళ్లుగా అలాగే ఉన్నాడట.

"ఎందుకు కట్టేశారమ్మా?" అని తల్లి మరియమ్మను అడిగాను.

"వాళ్లన్న మీద రాయి ఇసిరినాడు నాయనా. తల పగిలింది. ఇంకెవురినన్నా కొడతాడని ఊరోళ్లు కట్టేయమన్నారు."

కాగితం తీశాను. అంతకుముందు ఎవరినైనా కొట్టాడా? లేదు. తాగుతాడా? లేదు. ఆఖరి ప్రశ్న యోహానునే అడిగాను. కొట్టమని చెప్పే గొంతులేమైనా వినిపిస్తాయా?

"చర్చి గంట ఇనిపిస్తాది సార్. మోగతానే ఉంటాది. ఎవురినీ కొట్టమని చెప్పదు."

"మరి అన్నను ఎందుకు కొట్టినావు?"

"ఆ పొద్దు అన్నకు అన్న మొకం లేదు సార్. ఇంకెవురిదో ఉన్నింది." మళ్లీ అతనే అడిగాడు. "ఆ దెబ్బ మానిందా?"

మూడేళ్లలో ఆ మాట అతను ఎవరినీ అడగలేకపోయాడు. అన్న కొట్టం వైపు వచ్చేవాడు కాదు.

ఆ గురువారం డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసి, ఇంజెక్షను మొదలుపెట్టారు. తొమ్మిది వారాలకు గంట మోగడం తగ్గింది. మళ్లీ అన్ని ప్రశ్నలూ అడిగి రాసి, ఫోనులో చదివి వినిపించాను.

"మీకేమనిపిస్తోంది, హవల్దార్ గారూ?"

"ప్రమాదం తక్కువ మేడమ్. గొలుసు తీయొచ్చు."

"నా మాటా అదే. తీయించండి."

మధ్యాహ్నం మూడు గంటలు. తాళం తుప్పు పట్టి రాలేదు. అన్నే ఆకురాయి తెచ్చి గొలుసును రాపాడించి కోశాడు. నలభై నిమిషాలు పట్టింది. తల ఎత్తకుండా కోస్తూనే ఉన్నాడు. చెమటతోపాటు కన్నీళ్లు యోహాను పాదం మీద పడుతున్నాయి. ఆ పూట మరియమ్మ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

పందొమ్మిది రోజులు బాగున్నాడు. ఇరవయ్యో రోజు పదకొండూ యాభైకి అన్న ఫోను చేశాడు.

"సార్, మావోణ్ణి కొడతా ఉండారంట."

ఆరు కిలోమీటర్ల అవతలి ఊరు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని అంతకు ముందురోజు నుంచే ఫోన్లలో పుకారు. యోహాను నడుస్తూ అక్కడికి వెళ్లి, బడి పక్క కొళాయి దగ్గర నీళ్లు తాగుతున్నాడు. ఆ ఊరివాళ్లు పేరేందిరా అని గద్దిస్తే వెంటనే చెప్పలేకపోయాడు. అంతే, పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు వీడేనని మీద పడ్డారు.

పన్నెండూ ముప్పై అయిదుకు చేరాను. అందరూ వెళ్లిపోయారు. నాడి అందీ అందకుండా ఉంది. కట్లు కట్టి అంబులెన్సులో ఎక్కించాను. ఆత్మకూరు ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా నా చేతిలోనే నాడి ఆగిపోయింది.

ఆసుపత్రి వరండాలో మరియమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు.

"ఆ కాగితంలో అన్నీ అడిగినావే నాయనా. వీణ్ణి ఎవురన్నా కొడతారేమోనని అడగలేదేంది?"

ఆ ప్రశ్న కాగితంలో లేదు. నాకూ తట్టలేదు. కాపలా పోస్టులో నిలబడితే నాలుగు వైపులా చూడాలని సైన్యంలో కొత్తవాళ్లకు చెప్పినవాణ్ణి. ఇక్కడ ఒక్క యోహాను వైపే చూశాను.

"మన అంచనా తప్పు కాదు," అన్నారు డాక్టరమ్మ. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కానీ చాల్లేదు."

మిగిలిన డ్యూటీ పూర్తిచేశాను. ప్రతి కాగితం కింద ఆ ప్రశ్న చేత్తో రాసి, ఇంట్లోవాళ్లనూ ఊరివాళ్లనూ అడిగాను. సెప్టెంబరు ఆఖరున చేజర్ల వచ్చేశాను. సైన్యంలో ఏం చూశావని ఇక్కడివాళ్లు అడుగుతారు. చెబుతాను. ఉదయగిరిలో ఏం చూశావని ఎవరూ అడగరు.

యోహాను కేసులో వాంగ్మూలం ఇచ్చిన రోజు పోలీసులు ఒక వీడియో చూపించారు. ఎవరో ఫోనులో తీసింది. కాలెత్తి తన్నుతున్న ఒకడి చెప్పు ఊడి యోహాను ముందు పడింది. యోహాను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కొట్టడానికని అనుకున్నారేమో, చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కడుగు వెనక్కి వేశారు. అతను ఆ చెప్పుకి అంటిన మట్టి దులిపాడు. ముందుకు వంగి, ఆ మనిషి కాలి దగ్గర, తొడుక్కోవడానికి వీలుగా తిప్పి పెట్టాడు.