చెత్తబుట్టలో వేసిన గ్రాఫు

అమృతరాజుది మారికుప్పం. తండ్రి బంగారు గనిలో పనిచేసి, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుని పోయాడు. కొడుకు నేలమీద పనే చేయాలని తల్లి ఎస్తరమ్మ పట్టుబట్టి బీఎస్సీ చదివించింది. ఇరవై రెండేళ్లు ఆయన రోజూ రైలెక్కి మాలూరు పక్కనున్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీకి వెళ్లాడు. అక్కడ అమ్మోనియం పెర్‌క్లోరేటు చేస్తారు. చూడ్డానికి ఉప్పులా ఉంటుంది. రాకెట్టులోని ఘన ఇంధనం మండడానికి ఆక్సిజన్ ఇచ్చేది అదే.

ప్రతి బ్యాచ్ నుంచి చిటికెడైనా లేని పొడి తీసి, చిన్న గిన్నెలో వేడిచేస్తూ, దాని బరువు తగ్గడాన్ని గ్రాఫులో చూడడం ఆయన పని. మంచి సరుకైతే మూడువందల డిగ్రీల దగ్గర విడిపోవడం మొదలై, మూడో వంతు పోయాక కాసేపు ఆగుతుంది. మిగిలింది నాలుగువందలకు దగ్గరపడితే గానీ పోదు.

పోయిన ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం గ్రాఫులో ఆ ఆగడం కనబడలేదు. మూడువందల ముప్పై దాటకుండానే గిన్నె ఖాళీ అయింది. రాగి కలిసిన దుమ్ము పడితే అలా జరుగుతుందని ఆయనకు తెలుసు. కానీ గిన్నె సరిగా కడగలేదేమో అనుకున్నాడు. మళ్లీ చేయాలంటే రెండు గంటలు, రైలు తప్పిపోతుంది. కాగితం నలిపి చెత్తబుట్టలో వేశాడు.

బుధవారం పొద్దున కొత్త గిన్నెతో చేశాడు. మళ్లీ అదే గీత. సరుకు నూరే మిల్లు ఆపమని చెప్పడానికి ఫోనందుకునేలోపే పేలుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. మిల్లు దగ్గర పొడి నూరుతున్న ఓబలప్ప మూడోరోజు ఆసుపత్రిలో పోయాడు.

మిల్లు బేరింగులో రాగి కలిసిన ఇత్తడి అరిగి సరుకులో కలిసిందనీ, చివరికి ఆ బేరింగే వేడెక్కి నిప్పంటుకుందనీ విచారణలో తేలింది. మేనేజరు శ్రీనివాసమూర్తి ఆయన భుజం తట్టాడు.

"నువ్వు పొద్దున్నే కనిపెట్టినావప్పా. మన దురదృష్టం, అంతే."

మంగళవారం గురించి ఎవరూ అడగలేదు.

రెండు వారాలు ఆయనకు అన్నం సహించలేదు. ఒక ఆదివారం చర్చికి పోకుండా ఓబలప్ప ఊరైన కామసముద్రం బస్సెక్కాడు. ఓబలప్ప భార్య గంగులమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తోంది.

"యాడనుంచి వచ్చినావప్పా?"

"ఫ్యాక్టరీ నుంచమ్మా. ఓబలప్పతో పనిచేసినాను."

నిలబడే అంతా చెప్పేశాడు. ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"ముందుదినమే నువ్వు చెప్పింటే మిల్లు ఆపి ఉందురా?"

"ఆపి ఉందురమ్మా."

"ఆయప్ప బతికి ఉండునా?"

"ఉండును."

ఆమె చేతిలోని ఆకును పురుగుల మీద వేసింది.

"నీ బరువు దించుకునేకి వచ్చినావు. దీన్ని నేనేం చేసుకునేది? పో అప్పా. ఇంగ ఈ పక్క రావద్దు."

మరునాడు జరిగింది జరిగినట్టు విచారణాధికారికి రాసిచ్చాడు.

"నిన్నెవరడిగినారప్పా?" అన్నాడు శ్రీనివాసమూర్తి. నెల తిరక్కుండానే ఉద్యోగం పోయింది. సాయంత్రం తేడా కనబడితే, మళ్లీ పరీక్షించేదాకా మిల్లు తిప్పకూడదని ఫ్యాక్టరీలో కొత్త నియమం పెట్టారని ఆ తర్వాత ఎవరో చెప్పారు.

ఇప్పుడాయన బంగారపేటలో ఒక మందుల అంగడిలో పనిచేస్తున్నాడు. కొడుకు ఫ్యాక్టరీలో పొడి వాసన పడక ఉద్యోగం మానుకున్నాడని ఎస్తరమ్మ ఇరుగుపొరుగుకు చెబుతూ ఉంటుంది. అది విన్నప్పుడల్లా ఆయన లేచి బయటికి వెళ్లిపోతాడు.