గేటు దాకా డ్రైవరు

మా ఆయన అమోసు నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సంగతి పెళ్ళయిన మూడో రోజునే నాకు తెలిసిపోయింది. కానీ ఆ నోరు ఏకంగా సోహార్ చర్చిలో మైకు పట్టుకుని, ఇంకా రాని లైసెన్సుకి సాక్ష్యం చెప్పేస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

మొదట్నించీ చెబుతాను. మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. నేను ఒమన్‌లోని సహంలో, ఒక పాలిక్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. ఆయన అదే ఊళ్ళో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ యార్డులో హెల్పరు. కంకర తోలే టిప్పర్లు, ట్రైలర్లు అక్కడ నిలుస్తాయి. వాటిని కడగడం, గ్రీజు పెట్టడం, టైర్లు మార్చడం ఆయన డ్యూటీ. అయితే మనిషి ఊళ్ళో ధాన్యం బస్తాల ట్రాక్టరు తోలినవాడు. వెనక ట్రక్కు తగిలించి ఉన్న ట్రాక్టర్ని ఇరుకు సందులోంచి వెనక్కి నడిపి, రైసుమిల్లు గుమ్మంలో పెట్టినవాడు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? యార్డులో బండ్లు సర్దాల్సి వచ్చినప్పుడల్లా తనే ఎక్కేవాడు. నలభై అడుగుల ట్రైలర్ని రెండు బండ్ల మధ్యకి రివర్సులో తెచ్చి పెడుతుంటే, డ్యూటీ దిగిన డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చూస్తూ నిలబడేవాళ్ళట. ఈ మాట ఆయన చెబితే నేను నమ్మేదాన్ని కాదు. ఎహసాన్ భాయ్ చెప్పాడు. ఆయన పెషావర్ మనిషి, ఆ కంపెనీలో అందరికంటే పాత డ్రైవరు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడడు.

ఇంత పనితనం ఉండీ ఏం లాభం? హెవీ లైసెన్సు లేదు. బండిని గేటు దాకా తేవాలి, ఆపాలి, దిగాలి, సీటు ఇంకొకడికి ఇవ్వాలి. రోజుకి పదిసార్లు, ఏడేళ్ళపాటు ఇదే పని. యార్డులో ఆయనకి ‘గేట్ తక్ డ్రైవర్’ అని పేరు పెట్టారు. గేటు దాకా డ్రైవరు అన్నమాట. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. కానీ ఆ పేరు నాకెప్పుడూ చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పగా విన్నాను. మధ్యాహ్నం క్యారేజీలో ఏ కూర తిన్నాడో కూడా వర్ణించి చెప్పే మనిషి అదొక్కటీ దాచాడంటే, అది ఎంత లోతుగా గుచ్చుకుందో అప్పుడు తెలిసింది. 

రెండువేల పదిహేను మొదట్లో వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, ఆయన్ని పిలిచాడు. ఒమానీ ఆయన, పనివాళ్ళని పేరుపెట్టి పలకరించే మంచివాడు.

“అమోస్, మే మహీనే మే నయా ట్రైలర్ ఆతా. హెవీ లైసెన్స్ లావ్, గాడీ తుమ్హారా. నహీ తో బాహర్ సే డ్రైవర్. ఖలాస్” అన్నాడట.

మేలోపు లైసెన్సు వస్తే కొత్త బండి ఆయనది, రాకపోతే బయటివాడిది. ఆయనకి అప్పటికే నలభై రెండేళ్ళు. ఇంకోసారి ఎవరు పిలిచి ఇస్తారు?

టెస్టు పక్క పట్నం సోహార్‌లో. ముందు డ్రమ్ముల మధ్య రివర్సు, తర్వాత స్లోప్, అంటే ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం, ఆఖర్న రోడ్డు. డ్రమ్ముల మధ్య మా ఆయన వెన్నలో కత్తి దింపినట్టు వచ్చేశాడట. స్లోప్ మీద బండి అడుగు వెనక్కి జారింది. ఫెయిల్. రెండోసారీ అంతే. డ్రమ్ములు పాస్, స్లోప్ ఫెయిల్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన ఇంట గెలవడమే గెలవడం, రచ్చకెక్కితే బండి వెనక్కి పోతోంది.

మూడో టెస్టు ఆదివారం. దానికి ముందు శుక్రవారం, ఇక్కడి సెలవురోజు, సోహార్‌లో తెలుగు ఆరాధన. పాస్టరుగారు “ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?” అన్నారో లేదో, డోలక్ పక్కన పెట్టి లేచాడు మా ఆయన.

“అందరికీ వందనాలు. ప్రభువు నాకు ఎల్లుండి హెవీ లైసెన్సు ఇచ్చేశాడు! ఇశ్వాసంతో ముందే చెప్తన్నా. వచ్చే శుక్రారం కృతజ్ఞత కూటం, అందరికీ బిర్యానీ మా ఇంట్లోనే!”

నలభై మంది ‘ఆమెన్’ అన్నారు. నా పక్కన కూర్చున్న సెలిన్, మా క్లినిక్‌లోనే నర్సు, నా డొక్కలో పొడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కారెక్కగానే అందుకున్నాను.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా? ఎవరడిగారయ్యా నిన్ను?”

“ఏందే సామ్రాజ్యం, నీకు ఇశ్వాసం లేదా?”

“నాకు దేవుడి మీద ఉంది. నీ స్లోప్ మీద లేదు!”

ఆదివారం సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. మళ్ళీ స్లోపేనని మొహం చూస్తే తెలియడం లేదూ!

“నా సంగతి సరేలేవే. నలభై మంది ముందు దేవుణ్ణి అబద్ధమాడించా” అన్నాడు.

ఆ శుక్రవారం చర్చికి రాలేదు. తలనొప్పి అన్నాడు. పై శుక్రవారం డ్యూటీ అన్నాడు. మూడో శుక్రవారం ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. డోలక్ లేక పాటలు కుంటుతున్నాయి. బిర్యానీ మాట ఎవరూ ఎత్తలేదు, అది ఇంకా అవమానంగా ఉండేది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది, నిజమే. కానీ వాగుడుకాయ మొగుడు నోరు మూసుకుని తిరుగుతుంటే ఇల్లు ఇల్లులా లేదు. ఆ రోజుల్లో నాకు నిజంగా భయం వేసింది. లైసెన్సు పోతే పోయింది, ఈ మనిషి ఇలాగే ఉండిపోతాడేమోనని.

అప్పుడొచ్చాడు ఎహసాన్ భాయ్. మూడో టెస్టు రోజు ఆయన సెలవు పెట్టి సోహార్ వెళ్ళి, కంచె అవతల నిలబడి చూశాడట. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, నన్నడిగాడు.

“భాభీ, యే అమోస్ స్లోప్ పే సోతా హై క్యా?”

స్లోప్ మీద నిద్రపోవడమేమిటి? ఎహసాన్ భాయ్ తనే చేసి చూపించాడు. బండి ఎత్తు మీద ఆపగానే మా ఆయన తల ఇలా కిందికి వాలింది, కళ్ళు మూతపడ్డాయి, బండి జారింది.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన నేల చూస్తున్నాడు.

“నిద్ర కాదే. ప్రార్థన. ‘ప్రభువా, కాచుకో’ అనుకుంటా, అంతే.”

నాకు అంతా అర్థమైంది. చిన్నప్పటి సండే స్కూలు అలవాటు. ప్రార్థన అంటే తల వంగాలి, కళ్ళు మూతపడాలి. తల వినయంగా వంగితే కాలు కూడా వినయంగా వదులైపోతోంది! యార్డులో ఆయనకి భయం లేదు కాబట్టి ప్రార్థనా లేదు, బండి చెప్పినట్టు వింటుంది. టెస్టు పెట్టే పోలీసాయన ఎదురుగా నిలబడితే భయం, భయం వేస్తే ప్రార్థన, ప్రార్థన చేస్తే ఫెయిల్. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వేశాను.

విషయం వివరించి చెబితే ఎహసాన్ భాయ్ నవ్వలేదు. “దువా తో అచ్ఛీ చీజ్ హై. హమ్ భీ కర్తే హై. మగర్ ఆంఖ్ ఖోల్ కే కర్, యార్. ఖుదా సున్ లేగా” అన్నాడు. ప్రార్థన మంచిదే, మేమూ చేస్తాం, కానీ కళ్ళు తెరిచే చెయ్యి, దేవుడు వింటాడు అని.

“ప్రార్థన మానేసి తోలమంటే నా వల్ల కాదు” అన్నాడు మా ఆయన.

“మానమని ఎవరన్నారయ్యా? తెరిచి చెయ్యమంటున్నాం. నువ్వు కళ్ళు మూసుకుంటేనే ఆయనకి వినబడుతుందా?”

అలా మా వంటింట్లో ట్రైనింగ్ మొదలైంది. రోజూ భోజనం ముందు ప్రార్థన, కళ్ళు తెరిచి. మొదటి రోజు వంజరం పులుసు ఎదురుగా పెట్టాను. ‘పరలోకమందున్న మా తండ్రీ’ అన్నాడు, రెప్పలు వాలిపోయాయి. గరిటెతో కంచం మీద ఠంగుమని కొట్టాను. ఉలిక్కిపడి మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ వాలాయి, మళ్ళీ ఠంగ్. చిన్నప్పుడు కళ్ళు తెరిచినందుకు టీచరమ్మ కొట్టేది, ముసలితనంలో మూసినందుకు పెళ్ళాం కొడుతోందని ఆయన గోల. పులుసు మాత్రం రోజూ చల్లారిపోయేది. ఆయన్ని కనిపెట్టి ఉండాలి కాబట్టి నేనూ కళ్ళు తెరిచే కూర్చునేదాన్ని. అదేదో పాపం చేస్తున్నట్టు వారం రోజులు నాకు లోపల పీకుతూనే ఉండేది. రెండో వారానికి ఆయన రెప్ప వాల్చకుండా ఆమెన్ దాకా వచ్చాడు. పులుసు వేడిగా తిన్నాం.

నాలుగో టెస్టు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయనే చెప్పలేదు, చూడండి మరి! ఆ పొద్దున నేను క్లినిక్‌లో ఒక ఒమానీ పెద్దావిడకి ఇంజెక్షన్ ఇస్తున్నాను. పని అయిపోయి దూది అద్దుతుండగా ఫోను మోగింది.

“తెరిచే ఉంచానే! సామ్రాజ్యం, తెరిచే ఉంచా! రోడ్డు కూడా పాసే!”

నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఇంజెక్షన్ పొడిపించుకున్నది తనైతే నేనేడుస్తానేమిటని ఆ పెద్దావిడ కంగారు పడింది. నా వచ్చీరాని అరబ్బీలో మొగుడు, లైసెన్సు, పెద్ద బండి అని చెప్పాను. “మబ్రూక్, మబ్రూక్!” అని అభినందిస్తూ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

శుక్రవారం పాస్టరుగారు సాక్ష్యాలు అడిగారు. మా ఆయన వెంటనే లేవలేదు. నేను ఆడవాళ్ళ వైపు నుంచి కళ్ళతోనే తోశాను. అప్పుడు లేచి, జేబులోంచి లైసెన్సు తీసి అందరికీ కనబడేట్టు పట్టుకున్నాడు.

“పోయినసారి తొందరపడ్డా, చమించండి. దేవుడు అబద్ధమాడలా. నేనే కళ్ళు మూసుకున్నా” అన్నాడు.

అంతే, కూర్చుని డోలక్ అందుకున్నాడు. ఆయన జీవితంలో చెప్పిన అతి చిన్న సాక్ష్యం అదే. బాకీపడ్డ బిర్యానీ నేను వండాను, నలభై మందీ వచ్చారు, సెలిన్ రెండు డబ్బాలు కట్టించుకుని మరీ వెళ్ళింది.

మే నెలలో కొత్త ట్రైలరు వచ్చింది. మొదటి లోడు దుఖుమ్ రేవుకి. పొద్దున్నే ఆరింటికి బయల్దేరాలి, నేను సగం రోజు సెలవు పెట్టుకుని యార్డుకి వెళ్ళాను. గేటు పక్కన ఎహసాన్ భాయ్, ముదీర్, ఇంకో పదిమంది డ్రైవర్లు నిలబడి ఉన్నారు. తెల్లటి బండి మెల్లగా గేటు దాకా వచ్చింది.

వచ్చి ఆగింది. ఇంజను ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. మా ఆయన ఒక కాలు కిందకి పెట్టి, తాళం చేత్తో పట్టుకుని దిగుతున్నాడు, ఏడేళ్ళుగా దిగినట్టే!

ఎవరూ నవ్వలేదు. ఎహసాన్ భాయ్ గొంతు పెంచగా ఆరోజే విన్నాను.

“అరే అమోస్! కిధర్ ఉతర్తా? బైఠ్! తేరీ గాడీ హై!” ఎక్కడికి దిగుతున్నావు, కూర్చో, బండి నీదే అని.

మా ఆయన చేతిలో ఉన్న తాళం వైపు చూసుకున్నాడు. గేటు వైపు చూశాడు. తర్వాత నా వైపు. మళ్ళీ ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు. బండి స్టార్టయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, కళ్ళు మాత్రం ఇంతింత చేసుకుని ముందుకే చూస్తున్నాడు.

బండి గేటు దాటింది. నేనూ ప్రార్థన చేసుకున్నాను. కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ఆయన వెళ్ళడం కనబడదుగా.