మంగవ్వ భాష

అమీర్‌పేట మెట్రో కింద చాటలు, బుట్టలు అమ్ముకునే ఆడవాళ్ల ముందు నుంచే రాఘవేందర్ రోజూ పనికి పోయేవాడు. పక్క సందులో, కోచింగ్ బోర్డుల వెనకాల ఒక ఇరుకు గదిలో అతను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాడు. జిల్లాల నుంచి వచ్చిన పిల్లల నాలుక మీద నుంచి ఊరి యాసను చెరిపేయడమే అతని బతుకుతెరువు.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం పంజాగుట్ట వైపు పోయే బస్సు కోసం ఆ నీడలో నిలబడ్డాడు. చాటలమ్మే ముసలామె పక్కనున్న మనిషితో ఏదో అంది. రాఘవేందర్ ఆలోచన లేకుండానే సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఆమెకు అందించాడు.

ఆమె అందుకోలేదు. అతని ముఖం వైపే చూసింది.

"నీళ్లియ్యమని దీన్నడిగిన. నీకెట్ల సమజైంది సారూ?"

ఆమె అడిగింది తెలుగులో కాదని అప్పుడు గానీ అతనికి తట్టలేదు. నీళ్లను తణ్ణి అంది.

"అరవమా అమ్మా?"

"అరవం గాదు, కుర్రు. మా ఎరుకలోళ్ల మాట. ఇంట్ల ఇనకపోతే ఎవ్వలికీ రాదు." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వెవరి కొడుకువు బిడ్డా?"

కృష్ణానగర్‌లో సినిమా సెట్లు కట్టిన రాజనర్సయ్య కొడుకు. కులం సంగతి వస్తే ఆ తండ్రి, "మనది గరీబోళ్ల కులం, తియ్" అని మాట మార్చేవాడు. తల్లి మంగవ్వ అతని చిన్నతనంలోనే పోయింది. ఆమె నోటి వెంట తెలుగు మాట వచ్చిన గుర్తే అతనికి లేదు. మంగవ్వకు నత్తి అనేవాడు రాజనర్సయ్య.

ఆ ముసలామె పేరు రాజమ్మ. క్లాసులు అయ్యాక రాఘవేందర్ ఆమె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె వెదురు బద్దలు అల్లుతూ చెప్పేది. వాళ్ల ముత్తాతలు గాడిదల మీద ఉప్పు వేసుకుని సముద్రం నుంచి ఈ ఎగువ దేశానికి తిరిగేవారట. రైళ్లు వచ్చాక ఆ బేరం పోయింది. పని లేక తిరిగేవాళ్లను తెల్లదొరలు కానూను చేసి పుట్టు దొంగలని రాసుకున్నారు.

"ఆ కానూను పోయింది గని పేరు పోలే. మా మనుమలకు సుత కుర్రు రాదు. మేమే నేర్పలే."

ఒకరోజు అతను మనసులో మిగిలిన మాటలు కొన్ని ఆమెకు వినిపించాడు. చిన్నప్పుడు అమ్మ అతన్ని ఒళ్లో అదుముకుని, వీపు నిమురుతూ చెవిలో అనేది. జోలపాట అనుకున్నాడు ఇన్నాళ్లూ.

రాజమ్మ చేతిలో వెదురు ఆగిపోయింది.

"జోల గాదు బిడ్డా. నోరు తెరువకు, బయట వాళ్లు ఇంటున్నరు అంటుంది మీ అమ్మ."

ఇంటికి వచ్చేసరికి తండ్రి కిటికీ దగ్గర చాయ్ తాగుతున్నాడు. రాఘవేందర్ జరిగిందంతా చెప్పాడు. రాజనర్సయ్య గ్లాసు కిటికీలో పెట్టాడు.

"ఊర్ల ఎవని గిన్నె పోయినా పోలీసోళ్లు మా నాయన్ని గుంజుకపోతుండిరి. ఆఖరిసారి మేం మోసుకొచ్చినం. బతకలే. పట్నమొచ్చినంక మీ అమ్మతోని ఒట్టేయించుకున్న, గా మాట ఈ ఇంట్ల ఇనవడొద్దని. ఆమెకు తెలుగు సక్కగ రాకపాయె. ఇంక ఏం మాట్లాడతది?"

"మరి నత్తి అన్నవ్ కద?"

"ఎవలన్నా అడిగితె ఏమనాలె?"

రాఘవేందర్‌కు తండ్రి మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. గోడ మీది ఫొటోలో మంగవ్వ పెదవులు బిగించుకుని ఉంది. ఎవరూ మాట కలపని ఇంట్లో ఆమె అన్నేళ్లు వండింది, ఊడ్చింది, చచ్చిపోయింది. కొడుకు చెవిలో గుసగుసగా అన్నవే ఆమె మాట్లాడిన మాటలు.

ఆ తర్వాత కూడా అతను రాజమ్మ దగ్గరికి పోతూనే ఉన్నాడు. కొన్ని మాటలు నేర్చుకున్నాడు. ఒక ఆదివారం అన్నం పెడుతూ, ఇంకాస్త వడ్డించనా అని తండ్రిని కుర్రులో అడిగాడు.

రాజనర్సయ్య చప్పున వీధి తలుపు వైపు చూశాడు. తలుపు వేసే ఉంది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "సాలు," అన్నాడు తెలుగులో.