పెట్టెకు కట్టిన దారం

మా వైశాలి నగర్ గోపాలస్వామి సముద్రానికో దండం పెట్టి భిలాయి వచ్చినవాడు. పుట్టింది భీమిలి దగ్గర జాలరిపేటలో. ఉక్కు ప్లాంటులో వెల్డరుగా ఉద్యోగమంతా నిప్పుల పక్కనే గడిపి, "ఇక్కడ కాల్తాం గానీ మునగం" అని నవ్వుతూ రిటైరయ్యాడు. రిటైరైనవాడు ఇంట్లో కుదురుగా కూర్చోలేని జబ్బు మా కాలనీలో అందరికీ ఉన్నదే. ఆయనకూ అంటుకుంది. హథ్‌ఖోజ్‌లో శ్యామసుందర్ నడిపే చిన్న కార్ఖానా షెడ్డులో పనికి కుదిరాడు. తీరా చూస్తే అక్కడ ఆయన పనంతా నీళ్లతోనే. నుదుటి రాత నుంచి ఎక్కడికని పారిపోతాం?

ప్లాంటు ఆర్డర్లు తగ్గిపోయిన ఆ తొంభైల్లో శ్యామసుందర్ విశాఖపట్నం డీలరొకడి దగ్గర కొత్త పని పట్టాడు. చేపల బోట్లు ఆపదలో పడితే ఒడ్డుకు తెలియజేసే పెట్టెలు. లోపలి రేడియో సామాను వేరే చోటి నుంచి వచ్చేది. పైతొడుగు, దాన్ని బోటు మీద పట్టి ఉంచే స్టాండు ఇక్కడ చేసేవారు. బోటు మునిగితే నీటి ఒత్తిడికి స్టాండు కొక్కెం దానంతటదే ఊడాలి, పెట్టె పైకి రావాలి. వస్తేనే అది కబురు పంపేది. రాకపోతే మనుషులతో పాటే అడుక్కి పోతుంది.

కొక్కెం ఊడుతుందో లేదో చూడడం గోపాలస్వామి పని. బావిలాంటి ట్యాంకులోకి పెట్టెను స్టాండుతో సహా గొలుసుతో దించడం, పైకొచ్చాక తుడవడం, మరోదాన్ని దించడం. చేతులు నాని తెల్లబడేవి, నడుము పట్టేసేది. "సచ్చీదాకా ముంచడమే నా బతుకు" అనేవాడు. అలిసిపోయాడు పాపం. మానేయమంటే మాత్రం మానడు.

ఆ ఏడు విశ్వకర్మ పూజనాడు భార్య రమణమ్మను షెడ్డుకు తీసుకెళ్లాడు. ఆ ఒక్కరోజు మా ఊళ్లో ఏ కార్ఖానా అయినా ఆడవాళ్లనూ పిల్లలనూ లోపలికి రానిస్తుంది. పంపడానికి సిద్ధంగా ఉన్న పెట్టెల మీద బోట్ల పేర్లు రాసి ఉన్నాయి. వాటిలో ఒకటి రమణమ్మ తమ్ముడు సుబ్బు సరంగుగా నడిపే బోటుది. ఆమె తండ్రి వేటకెళ్లి తిరిగిరాలేదు. శవమూ దొరకలేదు. ఇక మిగిలింది ఈ తమ్ముడొక్కడే. పూజారి దగ్గర ఎర్రదారం అడిగి తీసుకుని, అమ్మోరిని తలుచుకుంటూ, పెట్టెనూ స్టాండునూ కలిపి చుట్లు చుట్టి ముడేసింది. ముడి జారకుండా వేలు అడ్డుపెట్టిన మహానుభావుడు ఎవరనుకున్నారు? గోపాలస్వామే! రోజూ కొక్కేలు పరీక్షించే మనిషికి అది తాడులా కనిపించలేదు. దేవుడి దారంలాగే కనిపించింది. మాలో ఎవరికైనా అంతే.

పెట్టెలు వెళ్లిపోయాయి. మొక్కుదారం కట్టి పంపానని రమణమ్మ తమ్ముడికి కబురు పెట్టింది. ఆశ్వయుజం వచ్చింది. అది మా ఆంధ్ర వైపు సముద్రంలో గాలివానల నెల. ఓరోజు పొద్దున దేవుడి పటం ముందున్న నమూనా పెట్టెను పరీక్షకు దించాడు. పూజనాడు పూజారి స్టాండుతో కలిపి చుట్టిన దారం దానికీ ఉంది. కొక్కెం ఊడిన చప్పుడు గొలుసులో తెలిసింది. పెట్టె మాత్రం పైకి రాలేదు. గొలుసు లాగి చూస్తే, దారం తడికి బిగుసుకుపోయి పెట్టెను పట్టుకునే ఉంది. గోపాలస్వామి దాన్ని అలాగే ఎత్తుకెళ్లి శ్యామసుందర్ ముందు పెట్టి, సుబ్బు బోటు పెట్టెకూ ఇదే ముడి ఉందన్నాడు.

"అరే కాకా, ధాగాయే కదా, తెగిపోతాది" అన్నాడు శ్యామసుందర్.

"తెగలేదు బాబూ. నీ కళ్లతో నువ్వే సూడు."

సుపేలాలో ఎస్టీడీ బూతుకు పరుగెత్తి, విశాఖపట్నం హార్బరు దగ్గరి ఐసు కంపెనీకి ఫోను చేసి సుబ్బును పిలిపించాడు. బోటుకు ఐసు ఎక్కిస్తున్నారు. సాయంత్రం వేటకు బయల్దేరుతుంది.

"దారం తీసీరా సుబ్బూ. అదుంటే పెట్టి తేలదు."

"బావా, అది మా అప్ప కట్టిన మొక్కు. కట్టినోళ్లు సెప్పకుండా బోటులో ఎవుడూ దాని మీద సెయ్యెయ్యడు. అప్పతోటి సెప్పించు."

వాదించి లాభం లేదని గోపాలస్వామికి తెలుసు. ఆయనా ఆ పేటవాడే. ఆటో ఎక్కి ఇంటికెళ్లాడు. దారి పొడవునా ఏం చెప్పాలో వెతుక్కున్నాడు. నీ దారమే నీ తమ్ముణ్ని చంపుతుందని ఏ భర్త చెప్పగలడు? చివరికి అదే చెప్పాడు.

రమణమ్మ చేతిలో బియ్యం చేట అలాగే ఉండిపోయింది. "అమ్మోరి పేరు మీద కట్టేను కదా?"

"కట్టేవు. నేనే వేలెట్టేను."

ఆమె చేట కింద పెట్టింది. చీర కూడా మార్చుకోకుండా ఆటోలో కూర్చుంది. బూతులో రిసీవరు రెండు చేతులా పట్టుకుంది.

"సుబ్బూ, దారం తీసీ."

"నీ నోటితోనే సెప్తన్నావా అప్పా?"

"నేనే. కట్టిందీ నేనే, తీసీమంటందీ నేనే. నాయినా, ఆ తప్పేదో నా మీదుంటాది. నీ మీద లేదు. తీసీ."

సుబ్బు బోటు దగ్గరికెళ్లి వచ్చేదాకా ఆమె రిసీవరు దించలేదు. తీసి గంగమ్మలో వదిలేశానని అతను చెప్పాక ఫోను పెట్టేసింది. బయటికొచ్చి, బస్సుల రొదలో, కొట్టు మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. గోపాలస్వామి పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుంది.

"అమ్మోరి దారం తీయించీసి నీ పెట్టిని నమ్మేను. నిజం సెప్పు. సముద్రంలో అది తేల్తాదా?"

తేల్తాదని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. ఆయన నానిన తన వేళ్ల వైపు చూసుకున్నాడు.

"ట్యాంకులో తేల్తంది రమణమ్మా" అన్నాడు.