ఇంజన్ మందు

రోజంతా కాలిపోయిన మోటర్లకు తీగ చుట్టే మనిషివి, నీ బొమ్మ విమానానికి కూడా మోటరే పెట్టుకోవచ్చు కదా అని కామారెడ్డిలో నా షాపుకు వచ్చేవాళ్లందరూ అడిగేవారు. పెట్టుకుందును. కానీ 2012 ఎండాకాలంలో మాకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. బ్యాటరీ సగం ఎక్కకముందే ఫ్యాను ఆగిపోయేది. పెట్రోలు ఇంజన్ పెడదామంటే ఐదడుగుల రెక్కకు అది మరీ బరువు. అందుకే మిథనాల్ అనే స్పిరిట్‌తో నడిచే చిన్న ఇంజన్, ఎవరో వాడి అమ్మేసింది, హైదరాబాదు నుంచి తెచ్చుకున్నాను. నాలుగు పాళ్లు స్పిరిట్, ఒక పాలు ఆముదం కలిపి పోయాలి. ఆ పొగ చొక్కాకు పట్టిందంటే రెండు ఉతుకులకు కూడా వదలదు. నాకు ఆ వాసన ఇష్టం. మా ఆవిడకు కాదు.

ఎగరేయడానికి ఎల్లారెడ్డి పోయేవాణ్ని. అక్కను అక్కడే ఇచ్చాం. మక్క కోసేశాక బావ చేను చదునుగా, ఖాళీగా ఉండేది. “తల నెరవవట్టె, ఇంక ఈ ఆటలేంది బామ్మర్దీ?” అంటూనే బావ విమానం తోక పట్టుకుని కూర్చునేవాడు.

ముక్కు పైకి లేపగానే ఇంజన్ దగ్గి ఆగిపోయేది. ట్యాంకు మరీ కిందికి ఉందేమోనని ఎత్తు పెంచాను. అదురుకు స్పిరిట్ నురగ కడుతోందేమోనని చుట్టూ స్పాంజి పెట్టాను. అయినా అదే తంతు. నాకు కోపం వచ్చి స్క్రూడ్రైవర్ విసిరికొట్టాను. ఒక శనివారం మధ్యాహ్నం బావ వంగి, ట్యాంకు నుంచి వచ్చే సన్నటి గొట్టం వైపు చూశాడు.

“మా ఆయిలింజన్‌కు గాలి వట్టినట్టే వట్టింది. గీడ చూడు, బుడగలు.”

అద్దాలు పెట్టుకున్నా నాకు కనిపించని చిల్లు, సూదిమొనంత చిల్లు, ఆయనకు వట్టి కళ్లతోనే కనిపించింది. గొట్టం మార్చాను. విమానం నాలుగు చుట్లు తిరిగి బుద్ధిగా దిగింది. బావ భుజం మీది తువ్వాల తీసి గాలిలో ఊపాడు.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. అందుకని ఆ పూటకు కావలసినంతే ఆముదంతో కలిపి, మిగతా స్పిరిట్‌ను మూత గట్టిగా పట్టే సీసాలో దాచేవాణ్ని. నాకు దొరికినవాటిలో అంత గట్టి మూత ఉన్నది ఖాళీ బ్రాందీ సీసాకే. నా బుద్ధి గడ్డి తిని, దాని మీద కొలత కోసం గీతలు గీసుకున్నానే గానీ లోపల ఏముందో రాయలేదు.

ఆ సాయంత్రం చేను నుంచి వచ్చి ఆ సీసాను కొట్టంలో పెడుతుంటే బావ చూశాడు.

“గదేంది?”

“ఇంజన్ మందు బావా.”

“ఇంజన్ గూడ తాగుతదా?”

“మనకంటె మంచిగ తాగుతది” అన్నాను. ఇద్దరం నవ్వాం.

మా దిక్కు డాక్టరు ఇచ్చేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, గ్లాసులో పోసుకునేదీ మందే. నేను వీటిలో ఏదీ కాని దాన్ని చెప్పాను. బ్రాందీ సీసా చూసిన బావ గ్లాసులో పోసుకునేదాన్నే విన్నాడు. నేను సరదాకి పేరు మార్చి చెబుతున్నాననుకున్నాడు. ఆయన తాగడం మానేసి అప్పటికి రెండేళ్లు. అక్క తల మీద చేయి పెట్టి ఒట్టేశాడు.

ఆదివారం పొద్దున సీసా తీసి చూస్తే, నిన్నటి గీతకు స్పిరిట్ నాలుగు వేళ్లు కిందికి ఉంది. తల తిప్పాను. అరుగు మీద మంచంలో, నుదుటికి తడిబట్ట కట్టుకుని బావ నన్నే చూస్తున్నాడు. “ఎండకు తలకాయ నొస్తుంది” అన్నాడు అక్కతో. నేను సీసా మళ్లీ అక్కడే పెట్టేశాను.

అది తాగితే కండ్లు పోతాయని స్పిరిట్ అమ్మినవాడు నాకు చెప్పే ఇచ్చాడు. తెలిసీ నోరు మెదపలేదు. బావ పరువు పోతుందని ఆగానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ సీసా ఇంట్లోకి ఎవడు తెచ్చాడని అక్క అడుగుతుందని భయపడ్డాను. కొంచెమే కదా, ఏమీ కాదులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. “మంచు వట్టినట్టు అంత తెల్లగుంది. నీ మొకం కానొస్తలేదు” అన్నాడు అక్కతో. జీపులో కామారెడ్డి తెచ్చాం. ఏం తాగావని డాక్టరు అడిగితే “ఏం తాగలే సారూ” అన్నాడు. “మానేసి రెండేండ్లాయె సార్, నా మీద ఒట్టు వెట్టిండు” అంది అక్క, గట్టిగా, కొంచెం గర్వంగా. డాక్టరు మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు నేను చెప్పాను. అక్క నా వైపు కాదు, బావ వైపు కాదు, గోడ వైపు చూసింది.

అంబులెన్సులో హైదరాబాదు పంపారు. ప్రాణం దక్కింది. కుడికన్ను పూర్తిగా పోయింది, ఎడమ కంట్లో వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. ఇంకొన్ని గంటల ముందు తెలిసి ఉంటే కొంత చూపు నిలిచేదేమో అని అక్కడి డాక్టరు అన్నాడు. ఆ ‘ఏమో’ను పట్టుకుని చాలా రోజులు బతికాను.

ఇంటికి తెచ్చిన వారానికి ఎల్లారెడ్డి వెళ్లాను. అక్క బావకు అన్నం కలిపి పెడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

“తమ్మీ, ఆ పొద్దు కొట్టంల సీసా చేతవట్టుకోని నిలవడ్డవ్. నీకు గప్పుడే ఎరికేనా?”

నాకంటే ముందు బావ మాట్లాడాడు.

“వానికేం ఎరిక? దవాఖానల సారు అడిగినంక యాదికొచ్చింది. అంతేనా కాదా బామ్మర్దీ?”

నేను అవునన్నట్టు తల ఊపాను. బావకు అది కనిపించలేదు. అక్కకు కనిపించింది.