ఎడమవైపు రాయి

మా ఊరి స్టేడియంలో ఈమధ్య హాకీ కోసం నీలం రంగు టర్ఫ్ పరిచారు. పొద్దున నడకకు వెళ్ళే రిటైరైన వాళ్ళం నలుగురం కంచె బయట నిలబడి దాన్ని చూడటం కొన్నాళ్ళుగా ఒక దినచర్య అయింది. మొన్న కాపలాదారు గేటు తీసి ఉంచితే లోపలికి వెళ్ళి, వంగి, అరచేత్తో నిమిరాను. తడిగా, తివాచీలా ఉంది. ఎక్కడా గరుకన్నది తగల్లేదు. పక్కనున్న హెడ్మాస్టరుగారు "ఏమైనా పారేసుకున్నారా?" అని అడిగారు. లేదన్నాను. నిజానికి నా చెయ్యి రాయి కోసం వెతుకుతోంది. ఇరవై ఏళ్ళ కిందట రియాద్ శివార్లలో ఒక మైదానంలో నేను చూసిన రాయి అది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను అక్కడొక ఇంగ్లీషు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. పక్కవాళ్ళు రాసిన వాక్యాలను కత్తిరించి జీతం తీసుకునే ఉద్యోగం. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, ఇరవై మూడేళ్ళ వయసులో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్‌గా వచ్చాడు. సనాయియా అని పిలిచే పారిశ్రామిక ప్రాంతంలో కంపెనీ క్యాంపు. గదికి ఆరుగురు. అతని గదిలో తెలుగు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం వెళ్ళి కార్లో ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. వచ్చి భోంచేసేవాడు. అక్క ఏమడిగినా "బానే ఉందక్కా" అనేవాడు. కూర బావుందా అన్నా అదే జవాబు, గదిలో ఎలా ఉందిరా అన్నా అదే. చేతి గడియారం మాత్రం ఇండియా టైములోనే ఉంచుకున్నాడు. మేము మూడు గంటలకి టీ తాగుతుంటే గడియారం చూసుకుని, "ఇప్పుడు కాకినాడలో ఐదున్నరండి. గ్రౌండుకి బయలుదేరే టైము" అనేవాడు. ఎవరితో అన్నట్టూ కాదు, గోడతో అన్నట్టు.

గ్రౌండంటే హాకీ గ్రౌండు. కాకినాడలో మిషన్ స్కూల్లో చదివేటప్పుడు స్టిక్కు పట్టుకున్నవాడు జిల్లా జట్టు దాకా వెళ్ళాడు. డిఫెండరు, అందులోనూ లెఫ్ట్ బ్యాక్. గోలు కొట్టేవాళ్ళ పేర్లు పేపర్లో వస్తాయి, ఆపేవాళ్ళవి రావు. ఆ సంగతి నాలాంటి డెస్కు మనిషికి బాగా తెలుసు. రియాద్‌లో కంపెనీల మధ్య శుక్రవారాలు హాకీ లీగు నడుస్తుందనీ, తమ కంపెనీకి కూడా జట్టుందనీ వచ్చిన ఆరు నెలలకు గానీ అతనికి తెలియలేదు. జట్టంతా పాకిస్తానీలు, ఉత్తరాది వాళ్ళు. కెప్టెన్ క్యాంపు ఫోర్‌మన్, భారీ శరీరం, భారీ గొంతు. ఆడేవాళ్ళ జాబితాను పాత వర్క్ ఆర్డరు కాగితం వెనక రాసి జేబులో పెట్టుకునేవాడు. అప్పటికి వాళ్ళ లెఫ్ట్ బ్యాక్ మోకాలి దెబ్బతో కూర్చున్నాడు. మావాణ్ణి ఒక పూట ఆడించి చూశారు. ఆ పూట నుంచి అతని పేరు "కాకినాడా" అయిపోయింది. క్యాంపులో నంబరుతో పిలిపించుకునేవాడికి అది పెద్ద ప్రమోషను. ఆ శుక్రవారం మా ఇంట్లో అన్నం తింటూ మొదటిసారి పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చింది. ఆడవాళ్ళు ఆ మైదానం వైపు వెళ్ళే అలవాటు లేదు కాబట్టి తమ్ముడి ఆట ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ప్రతి వారం నేను చూసి వచ్చి చెప్పాలి. పేపరు వాణ్ణి కదా, నా రిపోర్టు మీద ఆవిడకు గొప్ప నమ్మకం.

మైదానం గురించి కొంచెం చెప్పాలి. క్యాంపు వెనక ఎవరిదో తెలియని ఖాళీ జాగా. గోలుపోస్టులు కంపెనీ వెల్డర్లు పరంజా గొట్టాలతో అతికించినవి. గీతలు సున్నంతో. నేలంతా గట్టి మట్టి, దాని మీద కంకర. గాలి వీచిన ప్రతిసారీ, లారీ తిరిగిన ప్రతిసారీ అడుగున ఉన్న రాళ్ళు పైకి లేచేవి. బంతి నేల మీద వస్తూ వస్తూ రాయి తగిలి మొహం మీదకు ఎగిరేది. మూడో మ్యాచిలోనే మావాడి కింది పెదవి చీలింది. అక్క ఆసుపత్రిలోనే నాలుగు కుట్లు వేశారు. అవి వేస్తున్నంతసేపూ మా ఆవిడ పక్కన నిలబడి, "ఆడితే ఆడు, మూతి పళ్ళు రాలగొట్టుకుని మాత్రం నా దగ్గరికి రాకు" అని తిడుతూనే ఉంది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి మావాడు రాళ్ళు ఏరడం మొదలెట్టాడు. శుక్రవారం పొద్దున ఆ ఊళ్ళో ఎవరూ లేవరు. దుకాణాలు మూసి ఉంటాయి, రోడ్డు మీద పిల్లి కూడా కనపడదు. క్యాంపంతా ముసుగు తన్ని పడుకుంటే, ఇతనొక్కడే పెయింటు డబ్బా పట్టుకుని, తను ఆడే లెఫ్ట్ బ్యాక్ జాగాలో గొంతుక్కూర్చుని ఒక్కొక్క రాయీ పెకిలించి డబ్బాలో వేసేవాడు. రెండు వారాలు అలా శుభ్రం చేశాక, సగం ఆట కాగానే జట్లు వైపులు మార్చుకుంటాయనీ, తను బాగుచేసిన జాగాలో అవతలివాళ్ళు హాయిగా ఆడుకుంటున్నారనీ గుర్తించాడు. నవ్వాను. "నవ్వండి బావగారూ, నవ్వండి. రెండో వైపు కూడా ఏరతాను" అన్నాడు. ఏరాడు కూడా. రెండు నెలలు తిరిగేసరికి రెండు వైపులా ఆ మూల నేల నున్నగా, అలికినట్టు తయారైంది.

జట్టు నాకౌట్‌కు చేరింది. సెమీఫైనల్ ఇంకా మూడు వారాలుందనగా పాత లెఫ్ట్ బ్యాక్ మోకాలికి పట్టీ కట్టుకుని తిరిగొచ్చాడు. పాకిస్తాన్ పంజాబు మనిషి, క్రేన్ ఆపరేటరు. నలభై దాటి ఉంటాయి. అందరూ చాచా అనేవారు, అంటే బాబాయి. పన్నెండేళ్ళుగా ఆ స్థానం ఆయనదే. మావాడి మీద కోపం గానీ, బెట్టు గానీ ఏమీ లేవు. ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చి, "బేటా, ముందు బంతిని చూడు, మనిషిని తర్వాత చూడు" అని ఉర్దూలో పాఠం చెప్పేవాడు. కెప్టెన్ అందర్నీ నిలబెట్టి ఒకటే మాటన్నాడు. లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే, చివరి ప్రాక్టీసు రోజున ఎవరు బాగా ఆడితే వాళ్ళు. కాగితం మీద ఆ ఒక్క గడి ఖాళీగా ఉంచాడు.

మా అందరి లెక్కా మావాడేనని. వయసుంది, చురుకుంది. ఎగిరొచ్చే బంతిని గాల్లోనే అదుపు చేసే నేర్పు ఆ జట్టులో అతనికొక్కడికే ఉంది. కానీ రెండు వారాల ప్రాక్టీసు చూశాక నాకొక సంగతి బోధపడింది. బంతి ఇప్పుడు ఎగరడం లేదు. నున్నటి నేల మీద అది సూటిగా వస్తోంది. సూటిగా వచ్చే బంతిని ఆపడంలో చాచాను మించినవాడు లేడు. పరుగెత్తనక్కర్లేదు, వంగనక్కర్లేదు, ఎక్కడికొస్తుందో ముందే తెలిసినట్టు అక్కడ స్టిక్కు పెట్టి ఉంచేవాడు. "ఈసారి బలదియా వాళ్ళు మంచి పని చేశారు భాయ్! నా మోకాలికి ఈ నేల మీద నమ్మకం కుదిరింది" అని అందరితో సంబరంగా అంటున్నాడు. బలదియా అంటే మునిసిపాలిటీ. మావాడు పక్కనే ఉండి కూడా నోరు విప్పలేదు. తన చోటుని తనే డబ్బాతో ఎత్తి ఆయన చేతిలో పోశాడని మా ఇద్దరికే తెలుసు.

చివరి ప్రాక్టీసుకు ముందురోజు గురువారం గాలి దుమారం లేచింది. అది చాలదన్నట్టు ఏవో లారీలు మైదానంలో అడ్డంగా తిరిగి నేల గోకేశాయి. శుక్రవారం తెల్లారగానే మా ఆవిడ నన్ను లేపింది. "వాడొక్కడే ఎండలో రాళ్ళేరుకుంటుంటే మీకు పడుకోబుద్ధెలా అవుతోందండీ? మీరూ వెళ్ళండి" అంది. వెళ్ళాను. అప్పటికే డబ్బా సగం నిండింది. ఉండబట్టలేక అనేశాను.

"ఒరేయ్, ఈ ఒక్క వారం వదిలెయ్యరాదూ? నీ గోతి నువ్వే తవ్వుకుంటున్నావు."

"తెలుసండి బావగారూ."

"తెలిసీ?"

"బంతి ఆయన మొహానికి తగిలితేనండీ?" అని కుట్ల మచ్చ మీద వేలు పెట్టుకున్నాడు. "పైగా అక్కకి తెలిస్తే చంపేత్తాది. మీరు ఆ చివర చూడండి, నేనీ చివర చూత్తాను."

ఆ చివర ఎడమవైపు నా వంతు వచ్చింది. వంగి ఏరుతూ పోయాను. నిమ్మకాయంత రాయి ఒకటి సగం నేలలో, సగం పైకి ఉంది. చేత్తో కదిపితే కదిలింది. తీసేయొచ్చు. వెనక్కి తిరిగి చూశాను. అంత పెద్ద మైదానంలో మావాడు దూరంగా నాకు వీపు పెట్టి, నేల మీద ఏదో పోగొట్టుకున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. ఈ ఆట పోతే మళ్ళీ మా ఇంట్లో గోడతో మాట్లాడే రోజులొస్తాయనిపించింది. చాచా ఒక్క బంతి వదిలేస్తే చాలు, కెప్టెన్ చూస్తే చాలు. అంతకు మించి ఏమీ అనుకోలేదు. బూటు మడమతో ఆ రాయిని కదలకుండా బిగించి, పైన కాస్త దుమ్ము జల్లి, పక్కకి వెళ్ళిపోయాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను వార్తను వక్రీకరించింది లేదు. ఆ పని మాత్రం చేశాను.

సాయంత్రం జట్టును రెండుగా చీల్చి ఆడించారు. ఒక పక్క చాచా, ఒక పక్క మావాడు. మొదటి సగంలో ఆ చివర మావాడిది. బంతి ఆ రాయి దగ్గరకు రాలేదు. రెండో సగంలో చాచాది. ఎవరో కుర్రాడు గట్టిగా కొట్టాడు. చాచా ఎప్పటిలాగే తొందరపడకుండా స్టిక్కు పెట్టుకుని నిలబడ్డాడు. బంతి ఆయనకు రెండు గజాల దూరంలో లేచింది. మొహం తప్పించుకోవడానికి ఒక్కసారిగా పక్కకు తిరిగాడు. మనిషి తిరిగాడు గానీ మోకాలు తిరగలేదు. అరవలేదు. చాయ్ తాగడానికి కూర్చున్నట్టు మెల్లగా నేల మీద కూర్చుని, పట్టీ మీద రెండు చేతులూ వేసుకుని, నవ్వబోయాడు.

పొద్దుగుంకాక మగ్రిబ్ నమాజుకు అంతా ప్లాస్టిక్ చాపలు పరిచి వరసగా నిలబడ్డారు. చాచాను కుర్చీలో కూర్చోబెట్టారు, అక్కడి నుంచే నమాజు చేశాడు. అలాంటప్పుడు అందరి స్టిక్కులకీ, గడియారాలకీ, తాళంచెవులకీ కాపలా మావాడిదే. ఆ కుప్ప పక్కన మేమిద్దరం కూర్చున్నాం. కాసేపటికి అతను లేచి ఆ చివరకు నడిచాడు. వంగి, రాయి తీసి, తెచ్చి డబ్బాలో వేశాడు. టంగుమని చప్పుడైంది.

"ఈ పక్క మీరు చూశారు కదండీ?"

"చూశాను."

నా మొహం కేసి చూడలేదు. స్టిక్కుల్ని ఒకదాని పక్కన ఒకటి సర్దుతూ, "కనపడి ఉండదు లెండి. మీరు కళ్ళద్దాలు మార్చాలి బావగారూ" అన్నాడు.

నమాజు అయ్యాక కెప్టెన్ జేబులోంచి కాగితం తీసి ఖాళీ గడిలో "కాకినాడా" అని రాశాడు. చాచాయే ముందు చప్పట్లు కొట్టాడు. ఇంటికొచ్చాక మావాడు అక్కతో తను ఎంపికైన సంగతి చెప్పి, వెంటనే బావగారి చూపు బాగా తగ్గిందని కూడా చెప్పాడు. మా ఆవిడ ఊరుకుంటుందా? ఆ వారమే ఆసుపత్రి కంటి విభాగంలో నన్ను కూర్చోబెట్టింది. ఈజిప్టు డాక్టరు చిన్న అక్షరాలు, ఇంకా చిన్న అక్షరాలు చదివించాడు. అన్నీ చదివాను. "కళ్ళు భేషుగ్గా ఉన్నాయే, ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు. మా ఆవిడ మాత్రం తమ్ముడి మాటే నమ్మింది. కొత్త అద్దాలు కొనిపించింది. వాటితో చూసినా అంతే కనపడేది, వాటితో చూడకపోయినా అంతే.

సెమీఫైనల్లో మావాడు ఆడినలాంటి ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఎడమవైపు నుంచి ఒక్కణ్ణీ లోపలికి రానివ్వలేదు. గీత పక్కన చాచా ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాలు చాపుకుని, ఆటంతా "కాకినాడా, వెనక చూడు! శభాష్ బేటా!" అని అరుస్తూనే ఉన్నాడు. చివరి నిమిషాల్లో వచ్చిన పెనాల్టీ కార్నరు మీద ఒక్క గోలుతో ఓడిపోయాం. అది ఎవరి తప్పూ కాదు. మా ఆవిడకు ఆట మొత్తం చెప్పాను, ఒక్క ముక్క కత్తిరించకుండా. అంతకు ముందు వారం సంగతి ఆవిడకూ చెప్పలేదు. చాచా ఆ మోకాలితో మళ్ళీ ఆడలేదు. తర్వాతి ఏడు సెలవు మీద తన ఊరెళ్ళి అక్కడే ఉండిపోయాడని విన్నాను. మావాడు ఇంకో నాలుగేళ్ళు లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. ప్రతి శుక్రవారం పొద్దున రాళ్ళు ఏరాడు. నన్ను మాత్రం ఎప్పుడూ రమ్మనలేదు. నేనూ వస్తానని అనలేదు.

ఇప్పుడతనికి కాకినాడలో ఏసీ రిపేరు షాపుంది, జుట్టు నెరిసింది. ఫోన్ చేసినప్పుడల్లా, "కళ్ళెలా ఉన్నాయండి బావగారూ?" అని అడుగుతాడు. తెలిసి అడుగుతాడో, తెలియక అడుగుతాడో ఇరవై ఏళ్ళయినా నాకు అర్థం కాలేదు. బానే ఉన్నాయిరా అంటాను. చెప్పాల్సిన మాటకు ఒక సాయంత్రం ఉంటుంది కాబోలు. ఆ సాయంత్రం స్టిక్కుల కుప్ప పక్కన పది నిమిషాలు మేమిద్దరమే ఉన్నాం. తర్వాత ఇన్నేళ్ళు వచ్చాయి గానీ, ఆ పది నిమిషాలంత తీరిక మళ్ళీ రాలేదు.