గొంగడి కింద నూట ఇరవై బై ఎనభై

తెలంగాణ వచ్చిన రెండో ఏడాది వానాకాలంలో నాకు హెడ్ నర్సుగా పదోన్నతి ఇచ్చి నల్లగొండ జిల్లాలోని ఒక ఏరియా ఆసుపత్రికి వేశారు. ఆ ఊరి పేరు చెప్పను. చెబితే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న పిల్లలు ఫోన్ చేసి నన్ను దులిపేస్తారు. మగవాళ్ళ మెడికల్ వార్డు నా చేతికిచ్చారు. వార్డులో స్టాఫ్ నర్సులు సూదులు వేస్తారు, మందులిస్తారు, జ్వరం, నాడి, బీపీ చూసి మంచానికి వేలాడే ఛార్టులో రాస్తారు. హెడ్ నర్సు వాళ్ళు రాసింది సరిచూసి కింద సంతకం పెడుతుంది. సరిచూడడమనేది రూల్సులో ఉంది. వార్డులో ఉన్నది సంతకం మాత్రమే.

చేరిన వారానికే ఒక విశేషం గమనించాను. ఆ వార్డులో అందరి బీపీ నూట ఇరవై బై ఎనభై. పక్షవాతమొచ్చినవాడికీ అదే, కల్లు తాగి కిందపడి తల పగలగొట్టుకున్నవాడికీ అదే, ఆస్తి తగాదాలో తమ్ముడిని తిట్టీ తిట్టీ ఆయాసమొచ్చి పడుకున్న పటేలుకీ అదే. అంత ఆరోగ్యవంతులైన రోగులను నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు. మరీ అన్నీ ఒకటే అయితే బాగుండదని మధ్యమధ్యలో ఒకరికి నూట ముప్పై రాసేవాళ్ళు. ఆ పనికి అక్కడ ఒక పేరుంది. ఎవరూ ‘బీపీలు చూశావా’ అని అడగరు. ‘బీపీలు నింపావా’ అని అడుగుతారు. నేనూ అలాగే అడగడం మొదలుపెట్టాను. నాకు ముందు కొత్తగా అనిపించిన ఆ మాట నెల తిరిగేసరికి నా నోటికీ అలవాటైపోయింది.

నింపడానికి కారణం లేకపోలేదు. రెండు వార్డులకు కలిపి ఒకటే బీపీ మిషను. దాని రబ్బరు బుడ్డిలోంచి గాలి కారిపోయేది, పట్టీ చేతికి అంటుకునేది కాదు. దానికోసం ఆడవాళ్ళ వార్డుకు పోయి బతిమాలి తెచ్చుకునేలోపు డ్యూటీ సగం అయిపోయేది. కొత్త మిషను కావాలని అడగవచ్చు కదా అంటారేమో. అడిగితే ‘మరి ఇన్నాళ్ళు ఛార్టులు ఎట్లా నింపారు’ అన్న ప్రశ్న వస్తుంది. అందుకని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రికంతటికీ పెద్ద సూపరింటెండెంటు. ఆయన డాక్టరే, కానీ పరిపాలన కూడా ఆయనదే. నేను చూసిన సూపరింటెండెంట్లలో అరిచేవాళ్ళున్నారు, మీటింగులు పెట్టేవాళ్ళున్నారు, ఎవరు వచ్చినా శాలువా కప్పి ఫొటో దిగేవాళ్ళున్నారు. అప్పుడున్న ఆయన ఇందులో ఏదీ చేసేవాడు కాదు. పాలమూరు మనిషి. జేబులో వేయించిన పల్లీలు పెట్టుకుని, ఒంటరిగా వార్డుల్లో తిరుగుతూ, ముందు మరుగుదొడ్లు చూసేవాడు, తర్వాత రోగుల్ని చూసేవాడు. అరవని అధికారిని నేను అధికారిగా లెక్కించేదాన్ని కాదు. ఈయనకు పని లేదు, అందుకే తిరుగుతున్నాడని మా వాళ్ళతో అన్నాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం రెండు గంటలకు కట్టంగూర్ దగ్గరి పల్లె నుంచి బీరయ్య అనే గొర్ల కాపరిని ఆటోలో తీసుకొచ్చారు. గొర్రెలు మేపుతుంటే మడమ మీద పాము కరిచింది. ఏ పామో చూడలేదు. యాభై దాటిన మనిషి, భుజం మీద గొంగడి. వెంట భార్య మల్లమ్మ.

పాము కాటుకు ఒక పద్ధతి ఉంది. రక్తం తీసి శుభ్రమైన, పొడి గాజుసీసాలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతాం. తర్వాత వంచి చూస్తాం. గడ్డకట్టి ఉంటే సరే. నీళ్ళలా జారితే రక్తపింజర విషం ఎక్కిందని అర్థం, వెంటనే విరుగుడు మొదలుపెట్టాలి. మొదటిసారి గడ్డకట్టినంత మాత్రాన ఇంటికి పంపకూడదు. విషం మెల్లగా కూడా ఎక్కుతుంది. ఒక రోజంతా పడుకోబెట్టి, ఆరేసి గంటలకు మళ్ళీ మళ్ళీ చేయాలి. బీరయ్యకు మొదటి పరీక్ష బాగుంది. రాత్రి ఎనిమిదికి బాగుంది. అర్ధరాత్రి దాటాక చేయాల్సింది చేశారో లేదో ఆ డ్యూటీ నర్సుకే తెలియాలి, ఛార్టులో మాత్రం బాగుంది. పొద్దున ఎనిమిదికి కూడా బాగుందని స్వప్న రాసింది. స్వప్న కాంట్రాక్టు మీద చేరిన స్టాఫ్ నర్సు, చురుకైన పిల్ల. నాడి, జ్వరం, బీపీ అన్నీ నింపింది. బీపీ ఎంతో మీకు తెలుసు.

తొమ్మిదికి నేను రౌండుకు వెళ్ళాను. బీరయ్య మంచం మీద గొంగడి కప్పుకుని మనిషి పడుకుని ఉన్నాడు. మంచాలు లెక్కపెట్టాను, ఛార్టు కింద సంతకం పెట్టాను. పదకొండుకు డ్యూటీ డాక్టరు వచ్చి, పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి మధ్యాహ్నం ఇంటికి పంపించండని రాసి వెళ్ళాడు.

పన్నెండు కావస్తుండగా వరండాలో నల్లా దగ్గర ఒక మనిషి మోకాళ్ళ దాకా అంటిన ఎర్రమట్టిని కడుక్కుంటున్నాడు. గొర్రెల వాసన గుప్పున కొట్టింది. ఎవరా అని చూస్తే బీరయ్య. మడమ దగ్గర వాపు పిక్క దాకా పాకింది. ఎక్కడికి పోయావని అడిగాను.

“గొర్ల కాడికి పోయొచ్చిన సిస్టరమ్మా. రెండు గొర్లు ఈనేటట్టున్నయి. నా తమ్మునికి చాతగాదు. పొద్దుగాల ఫస్టు బస్సుకు పోయి, ఆన్నుంచి నడ్సిన” అన్నాడు.

పాము కరిచిన మనిషి నడవచ్చా అని గద్దించాను. “పాము కర్సింది నన్నుగని, గొర్లను గాదు గదమ్మా” అన్నాడు, చాలా న్యాయంగా. అని పక్కకు తిరిగి ఉమ్మాడు. ఎర్రగా ఉంది. పాన్ నములుతున్నావా అన్నాను. లేదట, వేపపుల్లతో పళ్ళు తోముకుంటే చిగురు గీరుకుందట, పొద్దుటి నుంచి ఆగట్లేదట.

రక్తపింజర విషం ఎక్కితే రక్తం అలాగే ఆగదు. వార్డులోకి వెళ్ళి గొంగడి ఎత్తాను. కింద మల్లమ్మ హాయిగా పడుకుని ఉంది. “మంచం కాళీగుంటె ఇంకెవరికన్న ఇస్తరని పండుకున్న” అంది. పొద్దున ఎవరైనా వచ్చి చూశారా అని అడిగితే, “గా పొల్ల తలుపు కాడ నిలవడి మంచాలు జూసి రాస్కపోయింది. నా చెయ్యి గూడ పట్టలే. ఎన్క నువ్వొచ్చినవు, నువ్వు గూడ గట్లనే పోయినవు” అంది.

ఆమె మాటలో తప్పేం లేదు. మగవార్డులో ఒక ఆడమనిషి పొద్దుటి నుంచి పడుకుని ఉంటే ఇద్దరు నర్సులం చూడలేదు. పైగా ఆ మంచం మీది మనిషికి పరీక్ష చేసినట్టు, రక్తం గడ్డకట్టినట్టు రాసుకున్నాం.

బీరయ్యను పడుకోబెట్టి నేనే రక్తం తీసి సీసాలో పోసి బల్ల మీద పెట్టాను. గడియారం చూసుకున్నాను. ఇరవై నిమిషాలు. ఆ సీసాను కదపకూడదు, ముట్టుకోకూడదు, చూస్తూ నిలబడాలి. స్వప్నకు విషయం అప్పటికే తెలిసిపోయింది. పక్కకు వచ్చి, “మేడం, ఇది మధ్యాహ్నం రెండింటికి చేయాల్సిన పరీక్ష అని రాద్దాం. పొద్దుటిది అట్లనే ఉండనీ. నాది కాంట్రాక్టు, సారు ఒక్క సంతకంతోని తీసేస్తడు” అని ఏడ్చింది.

ఆ ఆలోచన ఆమె కంటే ముందు నాకే వచ్చిందని ఒప్పుకుంటున్నాను. అది చాలా చక్కని ఆలోచన. రోగికి వైద్యం అందుతుంది, ఎవరి ఉద్యోగమూ పోదు, నా సంతకం పరువూ దక్కుతుంది. ఒక్కటే చిక్కు. పొద్దున ఎనిమిదికి బాగుందంటే విషం ఇప్పుడే ఎక్కుతోందని డాక్టరు అనుకుంటాడు. రాత్రి నుంచీ ఎవరూ చూడలేదంటే, గంటల తరబడి ఎక్కుతూ ఉండవచ్చని, మూత్రపిండాలను కూడా కనిపెట్టుకుని ఉండాలని అనుకుంటాడు. ఆ రెండింటి మధ్య ఉన్నది బీరయ్య ప్రాణం. స్వప్న మీద నాకు జాలేసింది, నా మీద నాకు అసహ్యం వేసింది. అటెండరును సీసా దగ్గర కాపలా పెట్టి సూపరింటెండెంటు గదికి వెళ్ళాను.

ఆయన పల్లీలు ఒలుస్తున్నాడు. నేను చెప్పడం పూర్తికాకముందే లేచి, “పేషెంటు యాడున్నడు?” అన్నాడు. ఎవరు రాశారని అడగలేదు. వార్డుకు నడుస్తూ ఒక్కటే ప్రశ్న వేశాడు. “చూసి రాసిండ్రా సిస్టర్, ఉత్తగనే రాసిండ్రా?”

ఉత్తగనే నింపామన్నాను. నింపడమన్న మాట ఆయన అంతకుముందు వినలేదు. అర్థమయ్యాక అడుగుల వేగం పెంచాడు.

ఇరవై నిమిషాలయ్యాక ఆయనే సీసా వంచాడు. రక్తం నీళ్ళలా జారింది. విరుగుడు మందు సెలైనులో కలిపి మొదలుపెట్టాం. ఆ మందుకు కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి కాబట్టి గంటసేపు మనిషి పక్కనే నిలబడాలి. ఆయన నిలబడ్డాడు, మేమూ నిలబడ్డాం. ఆడవాళ్ళ వార్డు నుంచి బీపీ మిషను తెప్పించి నిజంగా బీపీ చూశాం. సాయంత్రం చేసిన పరీక్షలో రక్తం గడ్డకట్టింది. అది గడ్డకట్టేదాకా నేను టీ కూడా తాగలేదు.

మర్నాడు సూపరింటెండెంటు స్వప్ననూ నన్నూ వెంటబెట్టుకుని బీరయ్య మంచం దగ్గరికి వెళ్ళాడు. ఇలాంటివి రోగికి చెప్పే అలవాటు మా శాఖలో లేదు. చెబితే గొడవవుతుంది, బంధువులు అద్దాలు పగలగొడతారు అని భయం. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, “బీరయ్యా, నిన్న మావోళ్ళు నిన్ను జూడకుంటనే జూసినట్టు రాసిండ్రు. ఆ కాయితం నమ్మి నిన్ను ఇంటికి పంపెటోళ్ళం. తప్పు మాది” అన్నాడు.

బీరయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. “నేను గూడ జెప్పకుంట పోయిన గద సారూ. చెరిసగం” అన్నాడు. తర్వాత భార్య వైపు చెయ్యి చూపి, “గని పొద్దుగాల రాసిన బీపీ గామెదే గద. అది మంచిగున్నదా?” అని అడిగాడు.

స్వప్న పట్టీ కట్టి చూసింది. నూట ఎనభై బై నూట పది. అంటే మేం రాసింది ఏ మనిషికీ చెందని బీపీ. మల్లమ్మకు ఆ రోజు నుంచే మాత్రలు మొదలుపెట్టాం. నాలుగో రోజు బీరయ్య నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. గొర్రెలు రెండూ ఈనాయని వెళ్ళేముందు చెప్పాడు.

మా ఇద్దరికీ సంజాయిషీ మెమోలు వచ్చాయి. రావాల్సిందే. అయితే వాటికంటే ముందే ఆయన జిల్లా అధికారికి ఒక ఉత్తరం రాశాడు. రెండు వార్డులకు ఒకటే మిషను ఉందన్న సంగతి ఇన్నాళ్ళు కనుక్కోకపోవడం తన తప్పేనని అందులో ఉంది. స్వప్నను తీసేయలేదు. తీసేస్తే మిగతావాళ్ళంతా ఇంకా శ్రద్ధగా నింపుతారని నాతో అన్నాడు. ఆ తర్వాత ఒక ఆర్డరు వేశాడు. చూడకపోతే ఆ గడిలో ‘చూడలేదు’ అని తెలుగులో రాయాలి, పక్కన కారణం రాయాలి. అలా రాసినందుకు ఎవరినీ ఏమీ అనరు. చూడకుండా అంకె వేస్తే మాత్రం ఊరుకోరు.

మొదటి వారం ఎవరూ నమ్మలేదు. రెండో వారానికి ఛార్టులన్నీ చూడలేదు, చూడలేదు, మిషను ఆడవార్డులో ఉంది, బుడ్డి కారుతోంది, అని నిండిపోయాయి. అదే సమయంలో పైనుంచి తనిఖీ బృందం దిగింది. ఒక అధికారి ఛార్టు చేతిలో పట్టుకుని, చూడలేదని రాసుకునే దవాఖానను తన జన్మలో చూడలేదని మండిపడ్డాడు. మా సారు నింపాదిగా, “చూడంది అన్ని దవాఖానలల్ల ఉంటది సార్. మేం రాస్తున్నం, గంతే” అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాను.

ఆ ఏడు మాకు ప్రశంసాపత్రం రాలేదు. ఛార్టులన్నీ చక్కగా నింపిన ఇంకో ఆసుపత్రికి వచ్చింది. మాకు మాత్రం రెండు కొత్త బీపీ మిషన్లు వచ్చాయి. కాగితం మీద మా కష్టం కనబడింది కాబట్టి వచ్చాయి.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్నదే. కింది ఉద్యోగి అబద్ధం రాసేది సోమరితనంతో కంటే భయంతోనే ఎక్కువ. నిజం చెబితే ఏమవుతుందో ముందే తెలిసేలా చేసేవాడే మంచి అధికారి. అరుపులు, శాలువాలు ఆ పని చేయవు. రోగికి నిజం చెబితే అద్దాలు పగులుతాయన్నది కూడా మేం చూడకుండా నింపుకున్నదే.

కొన్నేళ్ళకు నేను రిటైరైన రోజు ఆ వార్డులోనే వీడ్కోలు సభ పెట్టి దండ వేశారు. చివరిసారి సంతకాలు పెడదామని ఛార్టులు తీస్తే సాయంత్రం గడులన్నిటిలో స్వప్న చేతిరాత కనిపించింది. ‘చూడలేదు. కారణం: హెడ్ నర్సు గారి వీడ్కోలు సభ.’ దండ తీసి బల్ల మీద పెట్టి, స్వప్నను మిషను తెమ్మని, ఇద్దరం మంచం మంచానికీ తిరిగి బీపీలు చూశాం. సంతకం ఆ తర్వాత పెట్టాను.